గ్రుడ్డు పెంకు పలికిన సాక్ష్యము

మనము పారవేయు కోడిగ్రుడ్డు పెంకు ఒక అడవికి కలిగిన కీడును బయటపెట్టిన వృత్తాంతమిది. జరిగినది నెదర్లాండ్స్‌లో.

అచట గ్రేట్ టిట్ అను చిన్న పిట్ట కలదు. బరువు సుమారు 18 గ్రాములు. రోజున కొక్కటి చొప్పున ఎనిమిది, తొమ్మిది గ్రుడ్లు పెట్టును. ఇసుకనేలల అడవులలో లోపముగల గ్రుడ్లు పెట్టు పిట్టలు 1983-84లో నూటికి పది మాత్రమే. 1987-88 నాటికి నలుబది! పెంకు పలుచనై గ్రుడ్లు పగిలెడివి, లేదా లోని నీరు ఆవిరియై ఎండిపోయెడివి. కొన్ని తల్లులు వట్టి గూటిలోనే కూర్చుండి పొదుగుచుండెను.

పలుచని పెంకనగానే డి.డి.టి. జ్ఞప్తికి వచ్చును. బ్రిటన్‌లో డేగల గ్రుడ్ల పెంకులు పలుచబడినవని 1967లో రాట్‌క్లిఫ్ ప్రకటించెను. దానికి కారణము ఆ మందేయని పిదప తేలినది. ఇచట దోషి వేరు.

పెంకులో అధికభాగము కాల్షియమ్ కార్బొనేటు. ఈ పిట్ట ఒక విడతలో పెట్టు గ్రుడ్ల పెంకులలోని కాల్షియమ్, దాని అస్థిపంజరమంతటిలోని దానికన్న ఎక్కువ. కావున ఏనాటి కాల్షియమ్ ఆనాడే వెదకుకొనవలెను. గొంగళిపురుగులలో అది స్వల్పము, నత్తగుల్లలే ఆధారము. ఆమ్లవర్షమువలన ఇసుకనేలలోని సున్నము కరిగి కొట్టుకొనిపోగా, నత్తలు తగ్గిపోయినవి.

ఇంతవరకు ఇది ఊహయే గదా! రుజువెట్లు? గ్రేవ్‌లాండ్, ఆయన సహచరులు ఆ అడవిలోని పిట్టలకు నత్తగుల్లలను, కోడిగ్రుడ్డు పెంకుల ముక్కలను పెట్టిరి. వానిని తిన్న పిట్టల గ్రుడ్లలో లోపములు బాగుగా తగ్గినవి, పెట్టనిచోట తగ్గలేదు. అదే నేల, అదే వాన, అవే పురుగులు, మార్చినది ఒక్కటే. ప్రయోగమనగా నేమో విద్యార్థులకు చెప్పుటకు ఇంతకన్న సులభమైన ఉదాహరణము నాకు కనబడదు. ఫలితములు 1994లో 'నేచర్' పత్రికలో వెలువడినవి.

అయితే కొన్ని పిట్టలు శాస్త్రజ్ఞులకన్న ముందే ఉపాయము కనుగొన్నవి. నత్తలు లేని అడవులలోను మంచి గ్రుడ్లు పెట్టుచున్న పిట్టలు కొన్ని యుండెను. అవి తినుచున్న దేమని గ్రేవ్‌లాండ్ పరిశీలించి 1996లో ప్రకటించెను: వనభోజనములకు వచ్చినవారు పారవేసిన గ్రుడ్డు పెంకులు, కోళ్ళకు వేయు గుల్లల నూక!