ఒడి చాలదని చెప్పిన చట్టం

మన ఇళ్ళల్లో ఒడికి ఉన్నంత గౌరవం ఇంకే చోటుకీ లేదేమో. పెళ్ళయిన ఆడపిల్ల పుట్టింటికి వస్తే ఒడిబియ్యం పోస్తాం. పుట్టు వెంట్రుకలు తీయించాలన్నా, చెవులు కుట్టించాలన్నా బిడ్డకు మేనమామ ఒడి కావాలి. పలక మీద మొదటి అక్షరం దిద్దించేదీ ఒళ్ళో కూర్చోబెట్టుకునే. భయమేస్తే ఒడి, జ్వరమొస్తే ఒడి. అందుకే కారెక్కగానే చంటిబిడ్డను ఒళ్ళోకి తీసుకోవడం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఒడి కంటే భద్రమైన చోటు ఇంకొకటుందంటే మనసు ఒప్పుకోదు.

ఇది మన ఒక్కరి ఇబ్బందే కాదు. అమెరికాలో టెన్నెసీ అనే రాష్ట్రం పిల్లల కోసం చట్టం చేస్తూ సరిగ్గా ఈ ఒడి దగ్గరే తడబడింది. చట్టంలోనే ఒడికి మినహాయింపు ఇచ్చి, నాలుగేళ్ళ తర్వాత తీసేసింది. ఈసారి ఆ కథ చెప్పాలనిపించింది.

ముందు సీట్ల సంగతి. 1930లు, 40లలోనే అమెరికాలో పిల్లల కారు సీట్లు దొరికేవి. కానీ అవి రక్షణ కోసం చేసినవి కావు. పిల్లవాడు కుదురుగా ఒకచోట ఉండాలి, కిటికీలోంచి బయటికి చూడగలగాలి, అంతే. ఇనుప చట్రానికి గుడ్డ సంచి తొడిగి, పెద్దల సీటుకు కొక్కేలతో తగిలించేవారు. కొన్నిటికి ఆడుకోవడానికి బొమ్మ స్టీరింగు కూడా ఉండేది. కారు గుద్దుకుంటే సీటూ, పిల్లవాడూ కలిసి ఎగిరిపోవాల్సిందే.

పెద్దల పరిస్థితీ అంతంతమాత్రమే. నడుముకు మాత్రమే కట్టే బెల్టులు కొన్ని కార్లలో ఉండేవి. ఇవాళ మనం పెట్టుకుంటున్న బెల్టు, అంటే భుజం మీదుగా వచ్చి నడుము దగ్గర బిగిసేది, 1959లో వచ్చింది. దాన్ని తయారుచేసిన నిల్స్ బోలిన్ స్వీడన్ దేశపు ఇంజనీరు. అంతకుముందు యుద్ధవిమానాల్లో ప్రమాదం వస్తే పైలట్‌ను బయటికి విసిరేసే సీట్లు చేసేవాడు. వోల్వో కంపెనీలో చేరాక మనిషిని సీట్లోనే ఉంచే పనికి పూనుకున్నాడు. ఒక్క చేత్తో పెట్టుకోగలగాలి, ఛాతీనీ నడుమునూ రెండిటినీ పట్టుకోవాలి అన్నది ఆయన ఆలోచన. వోల్వో ఆ పేటెంటును తన దగ్గరే దాచుకోకుండా మిగతా కంపెనీలన్నీ వాడుకోనిచ్చింది.

పెద్దల బెల్టు పిల్లలకు పనికిరాదు. మెడకు అడ్డం పడుతుంది, పొట్టను నొక్కుతుంది. 1960ల మొదట్లో బ్రిటన్‌లో జీన్ ఏమ్స్, స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే డాక్టరు వెనక్కి తిరిగి ఉండే పిల్లల సీట్లు తయారుచేశారు. వ్యోమగాములు ప్రయాణంలో వెల్లకిలా ఆనుకుని ఉండటం చూసి ఆల్డ్‌మన్‌కు ఆ ఆలోచన తట్టిందట. మనకు ఇందులో కిటుకు తేలిగ్గానే అర్థమవుతుంది. పుట్టిన బిడ్డ పొడవులో దాదాపు నాలుగో వంతు తలే. మెడ నిలబడటానికే నెలలు పడుతుంది కాబట్టి ఎత్తుకునేటప్పుడు తల కింద చెయ్యి పెడతాం. వెనక్కి తిరిగిన సీటు కారు గుద్దుకున్నప్పుడు ఆ చెయ్యి చేసే పనే చేస్తుంది. తలనూ, మెడనూ, వీపునూ కలిపి పట్టుకుంటుంది.

వస్తువు వచ్చినంత మాత్రాన జనం వాడరుగా. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1970లో ప్రపంచంలోనే మొదటిసారిగా బెల్టు పెట్టుకోవడం తప్పనిసరి చేసింది. అమెరికాలో 1968 నుంచి కొత్త కార్లన్నిటిలో బెల్టులు అమర్చాలన్నారు గానీ, పెట్టుకోవడం మాత్రం ఎవరిష్టం వారిది. అక్కడ పెద్దలకు బెల్టు తప్పనిసరి చేసిన మొదటి రాష్ట్రం న్యూయార్క్, అదీ 1984లో. పిల్లల చట్టం మాత్రం అంతకు ఏడేళ్ళ ముందే వచ్చింది. నా బెల్టు నా ఇష్టం అని పెద్దవాళ్ళు వాదించుకోవచ్చు. చంటిబిడ్డ తరఫున ఎవరు వాదించాలి?

టెన్నెసీలో రాబర్ట్ శాండర్స్ అనే పిల్లల డాక్టరు ఆ పనికి పూనుకున్నాడు. మర్‌ఫ్రీస్‌బరో అనే ఊళ్ళో ఉంటూ ఆ జిల్లా ఆరోగ్య శాఖను చూసేవాడు. టీకాలతో రోగాలు ఆపుతున్నాం, మరి రోడ్ల మీద పోతున్న పిల్లల మాటేమిటి అన్నది ఆయన బాధ. 1976లో చేసిన మొదటి ప్రయత్నం ఫలించలేదు. భార్య పాట్ శాండర్స్‌నూ, తోటి పిల్లల డాక్టర్లనూ కలుపుకుని మళ్ళీ శాసనసభ్యుల వెంట పడ్డాడు. మా పిల్లల్ని ఎలా కూర్చోబెట్టుకోవాలో ప్రభుత్వం చెప్పడమేమిటని కొందరు, పేదవాళ్ళు సీట్లు ఎక్కడ కొంటారని కొందరు అడ్డుపడ్డారు. చివరికి 1977లో చట్టం గట్టెక్కింది. 1978 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. నాలుగేళ్ళలోపు పిల్లల్ని కారు సీట్లో కూర్చోబెట్టడం తల్లిదండ్రుల బాధ్యత అని చెప్పిన మొదటి అమెరికా రాష్ట్రం అదే.

అయితే గట్టెక్కడానికి ఒక సవరణను మింగాల్సి వచ్చింది. బిడ్డను పెద్దవాళ్ళు చేతుల్లో పట్టుకుని ఉంటే సీటు అక్కర్లేదన్నది ఆ సవరణ. ఆసుపత్రి నుంచి పచ్చి బాలింత పసిగుడ్డును ఒళ్ళో పెట్టుకుని ఇంటికి వస్తుంటే దాన్ని నేరమంటామా అన్న జాలి అందులో ఉంది. శాండర్స్ వర్గం వాళ్ళు మాత్రం దానికి బిడ్డను నలిపేసే సవరణ అని పేరు పెట్టారు.

ఆ పేరు చదివినప్పుడు మరీ కఠినంగా ఉందే అనిపించింది. ఇంటర్ ఎంపీసీ చదువుతున్న మావాణ్ణి అడిగితే కాగితం మీద లెక్క వేసి చూపించాడు. కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తోందంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిపోయిందనుకుందాం. అప్పుడు 10 కిలోల బిడ్డను ఆపాలంటే ఆ క్షణంలో సుమారు 140 కిలోల బరువును పట్టుకున్నంత బలం కావాలి. బియ్యం బస్తా జరపడానికే ఇద్దరం కావాలి మా ఇంట్లో. సరే, బిడ్డ చేతుల్లోంచి జారిపోయిందనుకుంటే, బెల్టు లేని తల్లి కూడా అదే వేగంతో ముందుకు వస్తుంది. 60 కిలోల మనిషి ఆ క్షణంలో 840 కిలోల బరువుతో పడుతుంది. ఆమెకూ, ఎదురుగా ఉన్న డాష్‌బోర్డుకూ మధ్య ఉన్నది ఎవరు? ఆ పేరు ఎందుకు పెట్టారో అప్పుడు అర్థమైంది. తల్లి తన బెల్టునే బిడ్డ చుట్టూ కూడా వేసుకున్నా జరిగేది ఇదే, బిడ్డ బెల్టుకూ తల్లికీ మధ్య నలుగుతుంది.

1981లో టెన్నెసీ ఆ మినహాయింపును తీసేసింది. 1985 నాటికి అమెరికాలోని అన్ని రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో పిల్లల సీటు చట్టం వచ్చింది. ఇప్పుడు కాన్పులకని అక్కడికి వెళ్ళే మన అమ్మమ్మలూ, నాన్నమ్మలూ మొదట ఆశ్చర్యపోయేది ఈ సీటు చూసే. కాలిఫోర్నియాలో ఎనిమిదేళ్ళు నిండేదాకా గానీ, 4 అడుగుల 9 అంగుళాల ఎత్తు వచ్చేదాకా గానీ సీటో బూస్టరో ఉండాలి. బ్రిటన్‌లో 12 ఏళ్ళు గానీ, 135 సెంటీమీటర్ల ఎత్తు గానీ రావాలి.

మా ఆడపడుచు కూతురు డాలస్ నుంచి ఏడు నెలల పాపతో వచ్చినప్పుడు సీటు కూడా మోసుకొచ్చింది. శంషాబాద్ నుంచి ఖమ్మం బయల్దేరాం. క్యాబ్‌లో వెనక బెల్టులు సీటు కవరు కింద ఉన్నాయి. డ్రైవరూ, మేమూ వెతికి బయటికి లాగేసరికి అరగంట పట్టింది. చౌటుప్పల్ దాటకుండానే పాప ఏడుపు లంకించుకుంది. మా అత్తయ్యకు ప్రాణం కొట్టుకుపోయింది. "ఏమే, పసిపిల్లని అట్లా కట్టేస్తారా? ఇటియ్యి, నా ఒళ్ళో వేసుకుంటా. నా చేతుల కన్నా ఆ ప్లాస్టిక్ గట్టిదా?" అంది. టెన్నెసీ వాళ్ళను ఇబ్బంది పెట్టిన ప్రశ్న కూడా ఇదే కదా. ఆ పిల్ల బండి పక్కకు ఆపించింది. పాపను తీసి పాలు పట్టి, అమ్మమ్మ ఒళ్ళోనే కాసేపు ఆడించనిచ్చింది. మళ్ళీ సీట్లో పడుకోబెడుతూ, "నీ చేతులు గట్టివే అమ్మమ్మా, కారు గుద్దుకున్నప్పుడు చేతులు మన మాట వినవు" అంది. అత్తయ్య ఖమ్మం దాకా ముభావంగానే ఉంది. కానీ దారంతా చెయ్యి చాచి పాప కాలు పట్టుకునే కూర్చుంది.

ఇది అమెరికా వాళ్ళ చాదస్తం అనుకోకండి. మన దేశంలోనూ చట్టం ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 194బి అనే సెక్షను చేరింది. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు బెల్టు గానీ, పిల్లల సీటు గానీ లేకుండా బండి నడిపితే 1000 రూపాయల జరిమానా. ఒడికి ఇందులో మినహాయింపు ఎక్కడా లేదు. చంటిబిడ్డకు బెల్టు సరిపోదు కనుక మిగిలింది సీటే. అదే సెక్షను ప్రకారం పెద్దలు బెల్టు పెట్టుకోకపోయినా జరిమానా ఉంది. వెనక సీటు వాళ్ళకు బెల్టెందుకులే అనుకునే మనకు, 2022 సెప్టెంబరులో పాల్‌ఘర్ దగ్గర జరిగిన ప్రమాదంలో వెనక కూర్చున్న సైరస్ మిస్త్రీ మరణించాక ఆ మాట గుర్తొచ్చింది.

మన పిల్లల్లో చాలామంది తిరిగేది కార్లలో కాదు, నాన్న బండి మీద. వాళ్ళ కోసం 2022 ఫిబ్రవరిలో ఇంకో నిబంధన వచ్చింది. ఏడాది గడువిచ్చి 2023 ఫిబ్రవరి నుంచి అమలన్నారు. నాలుగేళ్ళలోపు పిల్లల్ని బండి నడిపేవారికి కట్టి ఉంచే పట్టీ ఉండాలి, తొమ్మిది నెలలు దాటిన బిడ్డకు తల కొలతకు సరిపోయే హెల్మెట్ ఉండాలి, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు.

సీటు ధర వేలల్లో ఉంటుంది, నిజమే. కానీ ఒక ఇంట్లో ఉయ్యాల అక్కచెల్లెళ్ళ పిల్లలందరికీ తిరిగినట్టే సీటూ తిరగొచ్చు. ఒకసారి ప్రమాదంలో ఉన్నదీ, దాని మీద రాసిన గడువు దాటిందీ మాత్రం వద్దు. ఎప్పుడూ వెనక సీట్లోనే బిగించండి. గాలి తగులుతుందని బాలింతను బిడ్డతో ముందు కూర్చోబెట్టే అలవాటు మనది. ఎదురుగా ఎయిర్‌బ్యాగ్ ఉందన్న సంగతి మరవొద్దు, అది తెరుచుకునే వేగానికి పసివాళ్ళు తట్టుకోలేరు. ఏడిస్తే బండి ఆపి ఎత్తుకోండి. ఊరికి అరగంట ఆలస్యంగా చేరితే వచ్చే నష్టమేమీ లేదు. ఈసారి పెళ్ళికో, తిరుపతికో క్యాబ్ మాట్లాడుకునేటప్పుడు, వెనక బెల్టులు కవరు కింద నుంచి పైకి తీసి ఉంచమని ముందురోజే డ్రైవరుకు చెప్పండి.