15 డాలర్ల దూరం

ఫోన్ మోగింది.

2005. జింబాబ్వే రాజధాని హరారే. సైకియాట్రిస్ట్ డిక్సన్ చిబాండా ఫోన్ ఎత్తాడు. అవతల ఒక తల్లి. ఆమె కూతురికి 26 ఏళ్లు. కొన్నాళ్లుగా ఆ అమ్మాయికి ఆయనే వైద్యం చేస్తున్నాడు. మూడు వారాల కిందటే ప్రాణం తీసుకోబోయి, హరారేకి చాలా దూరంలోని ఆస్పత్రిలో చేరింది. డిశ్చార్జి కాగానే హరారే తీసుకురమ్మన్నాడు చిబాండా. తల్లి సరేనంది. ఆయన ఎదురుచూస్తున్నాడు.

అమ్మాయి పోయింది, మూడు రోజులైంది అని చెప్పిందామె.

రమ్మన్నాను కదా, ఎందుకు రాలేదు? ఉండబట్టలేక అడిగేశాడు. ఒక్క ముక్కలో చెప్పింది తల్లి. బస్సు ఛార్జీకి 15 డాలర్లు లేవు.

ఆ మాట డాక్టర్‌ని నిద్రపోనివ్వలేదు. కోటికి పైగా జనమున్న దేశంలో మనసుకు మందిచ్చే డాక్టర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వాళ్లూ పెద్దాస్పత్రుల్లోనే. రోగమొచ్చినవాడే కదిలిరావాలి. రాలేనివాడి సంగతో?

అది మామూలు ఏడాది కూడా కాదు. ప్రభుత్వం పేదల వాడల మీదికి బుల్డోజర్లు తోలింది. గుడిసె, గుడిసె ముందు కూరగాయల బండి అన్న తేడా లేకుండా కూల్చుకుంటూ పోతే, ఇల్లో బతుకుతెరువో పోగొట్టుకున్నవాళ్లు 7 లక్షల మంది అని ఐక్యరాజ్య సమితి లెక్కగట్టింది. హరారేలో బస్సుల రొదతో, సంత గోలతో ఎప్పుడూ హోరెత్తే ఎంబారే పేట కూడా ఆ దెబ్బ తిన్నది.

2006లో చిబాండా అక్కడికే వెళ్లాడు. నర్సులు కావాలన్నాడు. ఎయిడ్స్, టీబీ, కాన్పులతోనే వాళ్లకి ఊపిరాడడం లేదన్నారు. పోనీ ఒక గది? గదుల్లేవు. చివరికి ఆయనకు దక్కింది క్లినిక్ బయట ఖాళీ స్థలం. దాంతోపాటు పద్నాలుగు మంది అవ్వలు.

పేటలో ఆరోగ్య కార్యకర్తలుగా తిరిగే ముసలమ్మలు. పెద్దగా చదువుకున్నవాళ్లు కారు. వీళ్లతో అవుతుందా అని డాక్టర్‌కే అనుమానం. అయినా నేర్పాడు. చెట్టు కింద చెక్క బెంచీ వేయించి, మానసిక ఆరోగ్య బెంచీ అని పేరు పెట్టాడు.

ఒక్కరూ కూర్చోలేదు.

అవ్వలే దారి చెప్పారు. ఆ పేరున్న బెంచీ మీద కూర్చుంటే పిచ్చి అంటారని ఎవరికి భయముండదు? స్నేహపు బెంచీ అందాం అన్నారు. డిప్రెషన్ అనే మాటా వద్దన్నారు. దానికి షోనా భాషలో వాళ్లకో మాట ఉంది. కుఫుంగిసిస. అంటే ఆలోచనలు ఎక్కువైపోవడం. తెలంగాణ పల్లెల్లో మనాది పట్టుకుంది అంటారే, దాదాపు అదే. (మనాది పట్టినవాళ్లు మన దగ్గర 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.) డాక్టర్ అవ్వల మాట విన్నాడు.

తర్వాత ఒకరోజు ఆ బెంచీ వైపు ఒకామె నడిచొచ్చింది. 24 ఏళ్లు. ఓడిపోయిన మనిషి నడక. క్లినిక్ నర్సు పంపింది. ఇక్కడికి బస్సెక్కక్కర్లేదు. ఫీజు లేదు. పక్కన 82 ఏళ్ల అవ్వ.

అవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది. అంతే, కట్ట తెగింది. నాలుగేళ్లుగా హెచ్ఐవీ. ఏడాది కిందట మొగుడు వదిలేసి పోయాడు. ఐదేళ్లు నిండని పిల్లలిద్దరు. పని లేదు. వాళ్ల కడుపు నింపే దారి లేదు. అవ్వ ఇంకాస్త దగ్గరికి జరిగింది. ఏడవమంది. అప్పుడు బయటపడింది అసలు మాట. మూడు వారాలుగా ఒకటే ఆలోచన. తను పోవాలి. పిల్లల్నీ తీసుకుపోవాలి.

అవ్వ చెయ్యి వదల్లేదు.

అలా చెట్టు కింద అరగంట గడిచింది. నీది కుఫుంగిసిస అని చెప్పింది అవ్వ. ఆ మాటకి మళ్లీ కన్నీళ్లు పొంగాయి. తన బాధకి ఒక పేరుంది. ఆ పేరు ఈ ముసలామెకి తెలుసు.

మనసు తెరవడం, పైకి లేపడం, గట్టిపరచడం. షోనాలో అవ్వలు చెప్పే మూడు మెట్లు ఇవే. వాళ్లు సలహా గుమ్మరించరు. సమస్యలన్నీ వరసగా చెప్పించి, ఏది ముందు పట్టుకుందాం అని అడుగుతారు. ఎంచుకునేది వచ్చిన మనిషే. ఒక్కటి పరిష్కారమైతే చాలు, రెండోదానికి చెయ్యి చాపే ధైర్యం వస్తుంది.

నిజంగా వస్తుందా? హరారేలోని 24 క్లినిక్‌లలో 573 మందిని పరీక్షించి, 2016లో ఓ పేరున్న అమెరికన్ వైద్య పత్రికలో ఫలితం ప్రకటించారు. మామూలు వైద్యం అందినవాళ్లలో ఆరు నెలల తర్వాత కూడా దాదాపు సగం మందిలో డిప్రెషన్ లక్షణాలున్నాయి. బెంచీ మీద కూర్చున్నవాళ్లలో 14 శాతం లోపే.

బెంచీ మీద నుంచి లేచినవాళ్లను అవ్వలు ఒంటరిగా ఇంటికి పంపరు. పక్కనే ఆడవాళ్లు గుండ్రంగా కూర్చునుంటారు. పారేసిన ప్లాస్టిక్‌ను పోగులుగా కత్తిరించి సంచులు అల్లుతుంటారు. అమ్మితే నాలుగు డబ్బులొస్తాయి. కొత్తగా వచ్చినామెకి చోటిస్తారు, చేతికో కొక్కెం సూది ఇస్తారు. సూది ఆడుతుంటుంది. ఎవరో ఒకరు తన కథ మొదలుపెడతారు.