చాట్స్‌వర్త్ సౌధము – దాని తోటమాలి

గోదావరి లంకలలో వామనకేళి యనియు, పొట్టి పచ్చ అరటి యనియు పిలువబడు అరటికి వృక్షశాస్త్రజ్ఞు లిచ్చిన పేరులో కావెండిష్ అను మాట కలదు. ఇటీవల కడప, అనంతపురము ప్రాంతములలో టిష్యూ కల్చరు మొక్కలతో విస్తారముగా పెంచబడుచున్న గ్రాండ్ నైన్ రకము కూడ ఆ తెగలోనిదే. కావెండిష్ అనునది ఒక ఆంగ్ల ప్రభువంశపు ఇంటిపేరు. అరటికి పుట్టినిల్లు దక్షిణ చైనా. ఆ పేరు మాత్రము శీతకాలమున మంచు కప్పుకొను డెర్బీషైరు కొండలలోని యొక తోటలో వచ్చినది. ఆ తోట కావెండిష్ వంశజులైన డెవన్‌షైరు డ్యూకుల నివాసమగు చాట్స్‌వర్త్ సౌధమునకు చెందినది.

చాట్స్‌వర్త్ డెర్వెంట్ నది తూర్పు గట్టున కలదు. యాత్రికుడు పడమటి వైపునుండి రాతివంతెన దాటి వచ్చినచో పచ్చిక మైదానము, గొఱ్ఱెల మందలు, వెనుక చెట్లతో నిండిన కొండ, నడుమ పసుపువన్నె రాతి మేడ కనబడును. ఇదంతయు ప్రకృతిసిద్ధమని తోచును. కాని కాదు. 1760 ప్రాంతమున నాలుగవ డ్యూకు ‘కేపబిలిటీ’ బ్రౌన్ అను ప్రసిద్ధ ఉద్యానశిల్పిని రప్పించి మైదానమును తీర్పించెను. నది నడక సయితము మార్చబడినది. మేడ కిటికీలనుండి కనబడుచున్న ఎడెన్సార్ గ్రామపు ఇండ్లలో కొన్ని అప్పుడే తొలగింపబడెను. మిగిలినవానిని ఆరవ డ్యూకు 1838 తరువాత పడగొట్టించి, గుట్ట చాటున క్రొత్త గ్రామమును కట్టించెను. ఒక్క యిల్లు మాత్రము పాత చోటనే నిలిచినది. క్రొత్త యిండ్లు పాతవానికంటె మేలైనవే. అయినను ప్రభువు చూపునకు అడ్డు వచ్చినందున ఊరే తొలగవలసి వచ్చెనను సంగతి ఆ మైదానమును చూచువారు మరువరానిది. జమీందారీల కాలము నెరిగిన తెలుగు పాఠకునకు దీనిని వేరుగ వివరింప నక్కరలేదు.

ఈ స్థలమును 1549లో సర్ విలియం కావెండిష్, అతని భార్య బెస్ ఆఫ్ హార్డ్విక్ 600 పౌనులకు కొనిరి. ఆమె కట్టించిన మేడలోనే స్కాట్లండు రాణి మేరీ, ఎలిజబెత్ రాణి ఆజ్ఞచే, పలుమార్లు బందీగా నుంచబడెను. నేడు కనబడు సౌధము చాలవరకు మొదటి డ్యూకు 1687 మొదలు 1707 వరకు భాగముల వారీగా పునర్నిర్మించినది. పైకప్పులపై దేవతల చిత్రములు, బంగారుపూత కిటికీలు, తాపడపు గోడలు కలవు. ఒక పూట తిరిగిన యాత్రికునకు అవి కొంతసేపటికి ఒకదానితో నొకటి కలిసిపోవును.

కాని గ్రంథశాల యట్టిది కాదు. అది మొదట చిత్రపటములకై కట్టిన పొడవైన సావడి. ఆరవ డ్యూకు విలియం కావెండిష్ (1790–1858) గొప్ప గ్రంథప్రియుడు. ఈలీ బిషప్పు గ్రంథములను, 1821లో నటుడు కెంబుల్ సేకరించిన నాటకగ్రంథములను అతడు కొనెను. హైడ్రోజనును గుర్తించి, భూగోళపు సాంద్రతను కొలిచిన శాస్త్రజ్ఞుడు హెన్రీ కావెండిష్ కూడ ఈ వంశమువాడే. అతని పుస్తకములును ఇచ్చటికి చేరినవి. అయితే ఈ నిధి చెక్కు చెదరక నిలువలేదు. 1908లో ఎనిమిదవ డ్యూకు మరణించిన పిమ్మట వారసత్వపు పన్ను చెల్లించుటకై, ఇంగ్లండులో తొలి ముద్రాపకుడైన కాక్స్‌టన్ అచ్చువేసిన గ్రంథములును, కెంబుల్ నాటకములును 1914లో అమెరికా ధనికుడు హంటింగ్టన్‌కు అమ్మబడినవి. అందు షేక్స్‌పియరు నాటకముల తొలి ముద్రణములు కలవు. కాలిఫోర్నియాలో హంటింగ్టన్ నెలకొల్పిన గ్రంథాలయమున అవి పరిశోధకులకు లభ్యములైనవి. ప్రభువు బీరువానుండి పోయిన పుస్తకములు పండితుల బల్లమీదికి చేరినవి. దీనిని నష్టమనవలెనా, లాభమనవలెనా అనునది గ్రంథాలయములు నడుపువారు నిర్ణయింపదగిన విషయము.

సౌధమునుండి తోటలోనికి వచ్చినచో మొదట నీటి శబ్దము వినవచ్చును. ఇచ్చటి తోట వైశాల్యము 105 ఎకరములు. మొదటి డ్యూకు కాలమున, 17వ శతాబ్దాంతమున, కొండవాలున రాతిమెట్ల వరుసలు కట్టి నీటిని జారవిడిచిరి. తరతరముల పిల్లలు ఆ మెట్లపై పాదములు తడుపుకొనిరి. సమీపమున రాగితో చేసిన కృత్రిమ విల్లో చెట్టు కలదు. చూడవచ్చినవారిపై దాని కొమ్మలనుండి హఠాత్తుగా నీరు చిమ్మునట్లు అమర్చిరి. మూడు వందల యేండ్లకు పూర్వపు ప్రభువుల హాస్యమట్టిది.

తోటకు శాశ్వత కీర్తి తెచ్చినవాడు మాత్రము ప్రభువు కాడు, బెడ్‌ఫర్డ్‌షైరు రైతు కుమారుడైన జోసెఫ్ పాక్స్‌టన్. అతడు లండను సమీపమున చిజిక్‌లోని ఉద్యాన సంఘపు తోటలో పనిచేయుచుండెను. ఆ భూమి ఆరవ డ్యూకుది. డ్యూకునకు చెవుడు. స్పష్టముగా మాటలాడు ఈ యువకుడు అతనికి నచ్చెను. అనుభవము చాలని 22 ఏండ్ల వానిని 1826లో చాట్స్‌వర్త్ తోటకు అధిపతిగా నియమించెను. పాక్స్‌టన్ తన తొలి ఉదయమును గూర్చి తానే చెప్పియున్నాడు. రాత్రి బండిలో చెస్టర్‌ఫీల్డు వరకు వచ్చి, తెల్లవారుజామున నాలుగున్నరకు చాట్స్‌వర్త్ చేరెను. లేచినవారెవరును కనబడలేదు. గోడ యెక్కి లోపలికి దిగి, తోటనంతను కలయ జూచి, ఆరు గంటలకు పనివారికి పనులు పురమాయించెను. జలయంత్రములు నడిపించి చూచెను. గృహనిర్వాహకురాలితోడను ఆమె మేనకోడలు సారాతోడను ఫలాహారము చేసెను. తొమ్మిది గంటలు కాకమునుపే ఆ యువతీ యువకులు ఒకరి నొకరు వలచిరి. మరుసటి యేట వివాహమైనది. భర్త దూరప్రయాణములలో నుండగా తోట లెక్కలు, పనివారి వ్యవహారములు చాలవరకు సారాయే చక్కబెట్టినది. పేరు మాత్రము భర్తకే దక్కినది.

మారిషస్ మీదుగా ఇంగ్లండు చేరిన పొట్టి అరటిని పాక్స్‌టన్ సంపాదించి గాజుగృహమున పెంచెను. అది 1835 నవంబరులో పుష్పించి, పిదప గెల వేసినది. యజమాని పేర దానికి కావెండిష్ అను నామకరణము జరిగినది. మతప్రచారకులు దాని పిలకలను పసిఫిక్ దీవులకు కొనిపోయిరి. అదే యేట జాన్ గిబ్సన్ అను తోటమాలిని డ్యూకు భారతదేశమునకు పంపెను. కలకత్తా వృక్షోద్యానపు సాయముతో, ఖాసీ కొండలు గాలించి, అతడు 1837లో ఆర్కిడ్ మొక్కలతో తిరిగి వెళ్లెను. అందరికి ఆ భాగ్యము కలుగలేదు. ఉత్తర అమెరికా మొక్కలకై పంపబడిన వాలేస్, బ్యాంక్స్ అను ఇద్దరు యువ తోటమాలులు 1838లో కొలంబియా నదిలో పడవ మునిగి మరణించిరి. తోట అందమును లెక్కించునపుడు ఆ రెండు ప్రాణములను లెక్కలో చేర్చుట న్యాయము.

1836లో ఆరంభించి అయిదేండ్లలో పూర్తిచేసిన పెద్ద గాజుగృహము 277 అడుగుల పొడవు, 123 అడుగుల వెడల్పు, 67 అడుగుల ఎత్తు కలది. దానిని వెచ్చగా నుంచుటకు ఎనిమిది బాయిలర్లుండెను. బొగ్గు భూగర్భ సొరంగమునుండి చేరుచుండెను. 1843లో విక్టోరియా రాణి దాని నడుమనుండి బండిలో సాగిపోయెను. ఆ మరుసటి యేడు రష్యా చక్రవర్తి నికొలాస్ రానున్నాడని తలచి, కొండపై ఎనిమిది ఎకరముల చెరువు త్రవ్వించి, రాత్రిళ్లు దీపముల వెలుగున పనిచేయించి, పాక్స్‌టన్ ఒక ధారాయంత్రమును నిర్మించెను. యంత్రబలము లేకయే, కేవలము నీటి ఒత్తిడిచే, ఆ ధార 296 అడుగుల ఎత్తున కెగసినది. చక్రవర్తి రానేలేదు. పేరు మాత్రము ‘ఎంపరర్’ అని నిలిచినది.

1849లో దక్షిణ అమెరికా జలపుష్పము విక్టోరియా, ఇంగ్లండులో తొలిసారిగా ఇచ్చటనే పూచినది. దాని ఆకుపై పాక్స్‌టన్ తన చిన్న కుమార్తెను నిలువబెట్టగా ఆకు మునుగలేదు. ఆకు అడుగుభాగమున ఈనెలల్లుకొన్న తీరు అతని కప్పు నిర్మాణమునకు పాఠమైనది. 1851 లండను మహాప్రదర్శనకై అతడు గాజుతోను ఇనుముతోను కట్టిన క్రిస్టల్ ప్యాలెసు ఆ పాఠపు ఫలమే. తోటమాలికి ‘సర్’ బిరుదము వచ్చెను. 1854లో పార్లమెంటు సభ్యుడయ్యెను.

ఆరవ డ్యూకు చేసిన మరియొక కార్యము వీనియన్నిటికంటె గొప్పదనవచ్చును. సౌధము నందరికి చూపవలెననియు, ఎంత బీదవాడు వచ్చినను జలయంత్రములు నడుపవలెననియు అతడు కట్టడి చేసెను. 1849లో సమీపమునకు రైలు వచ్చిన యా వేసవిలో సుమారు 80,000 మంది వచ్చిరి. నూరేండ్ల పిదప ఈ అలవాటే సౌధమును కాపాడినది. మొదటి ప్రపంచ యుద్ధమున బొగ్గు లేక పెద్ద గాజుగృహములోని మొక్కలు చచ్చిపోయినవి. 1920లో దానిని మందుపెట్టి పేల్చివేసిరి. రెండవ యుద్ధమున సైనికులకంటె విద్యార్థినులే మేలని తలచి పదవ డ్యూకు సౌధమును ఒక బాలికల కళాశాల కప్పగించెను. 1949లో మరల ప్రజలకు తెరచిరి. మరుసటి యేట అతడు మరణించగా ఆస్తిపై నూటికి 80 వంతుల పన్ను పడినది. హార్డ్విక్ సౌధమును, విలువైన చిత్రములను ప్రభుత్వమునకు వదలవలసి వచ్చెను. 1981లో చాట్స్‌వర్త్ సౌధము ఒక ధర్మనిధి చేతికి వచ్చినది. డ్యూకులు తమ పూర్వుల ఇంటికి అద్దె చెల్లించు కాపురస్థులైరి. చూడవచ్చువారి టిక్కెట్టు సొమ్ము ఇంటి పోషణకు ఆధారమైనది.

పెద్ద గాజుగృహ మున్న తావున 1962లో యూ మొక్కలతో చిక్కుదారుల తోట నాటిరి. అందు దారి తప్పిన పిల్లల కేకలు వినుచు యాత్రికులు సాయంకాలమునకు వెలుపలికి వచ్చెదరు. మైదానము దాటి ఎడెన్సార్ వరకు నడచినవారు చర్చి వెనుక వాలుననున్న శ్మశానవాటికను చూడవచ్చును. పై వరుసలో డ్యూకుల సమాధులు సాదా రాళ్లతో నున్నవి. దిగువ నున్న పాక్స్‌టన్ సమాధి వానికంటె పెద్దది.