లండను నగరములో మన సంఘ చరిత్ర జాడలు: శింగనమల నుండి ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

అపొస్తలుడైన పౌలు ఏథెన్సులో తన జతపనివారి కొరకు కనిపెట్టుకొని ఉన్న దినములలో ఆ పట్టణమును వింతగా చూచి పోలేదు. అక్కడి దేవతా ప్రతిమలను పరిశీలించాడు, ఒక బలిపీఠము మీది వ్రాతను చదివాడు, ఆ వ్రాతనే ఆధారము చేసికొని అరేయొపగులో ప్రసంగించాడు (అపొ.కా. 17). రాజధానులను చూడబోయే సేవకులకు ఇది మంచి మాదిరి. కొన్ని సంవత్సరముల క్రితము మేము ముగ్గురము కాపరులము లండను నగరమును దర్శించినప్పుడు ఈ మాదిరినే మనస్సులో ఉంచుకొన్నాము. రాజభవనములు, గడియారపు గోపురము అందరూ చూచేవే. అనంతపురము జిల్లా శింగనమల ప్రాంతములోని మన చిన్న సంఘములకు ఈ నగరముతో ఉన్న సంబంధమేమిటి అన్నదే మేము వెంట తీసికొని వెళ్లిన ప్రశ్న.

రాయలసీమ సంఘములలో చాలా వాటికి మూలము లండన్ మిషనెరీ సొసైటీ. ఇది 1795లో ఆ నగరములో స్థాపించబడింది. 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ విశాఖపట్టణము చేరారు. 1810లో జాన్ హ్యాండ్స్ బళ్లారిలో పని ప్రారంభించాడు. 1822లో కడపలో పని మొదలై, తరువాత గుత్తి, అనంతపురములకు వ్యాపించింది. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఈ సంఘములు అందులో చేరాయి. కాబట్టి మా ప్రయాణము ఒక విధముగా మన ఇంటి పత్రములను వెదకబోవుటయే.

1. ఊరి వెలుపలి సమాధులు

సిటీ రోడ్డులో రెండు స్థలములు ఎదురెదురుగా ఉన్నాయి. ఒక ప్రక్క జాన్ వెస్లీ 1778లో కట్టించిన ప్రార్థనాలయము, దాని వెనుక ఆయన సమాధి, ప్రక్కనే 1791లో ఆయన మరణించిన ఇల్లు. వెస్లీ అనుచరుల మిషను తరువాతి కాలములో నైజాము రాజ్యములో పనిచేసింది. 1924 క్రిస్మసు దినమున ప్రతిష్ఠించబడిన మెదకు దేవాలయము ఆ పనికి గుర్తు.

రోడ్డుకు రెండవ ప్రక్క బన్‌హిల్ ఫీల్డ్స్ శ్మశానము. ప్రభుత్వ సంఘములో చేరనొల్లని విశ్వాసులను ఇక్కడ పాతిపెట్టేవారు. యాత్రికుని ప్రయాణము వ్రాసిన జాన్ బన్యన్ (మరణము 1688), కీర్తనకారుడు ఐజక్ వాట్స్ (1748), వెస్లీ తల్లి సుసన్నా (1742) ఇక్కడే ఉన్నారు. బన్యన్ గిన్నెలకు మాట్లు వేసి బ్రతికినవాడు. అనుమతి లేకుండా ప్రసంగించినందుకు పన్నెండేళ్లు చెరలో ఉన్నాడు.

ఆ రాళ్ల మధ్య నిలిచినప్పుడు మా పల్లెలు జ్ఞాపకము వచ్చాయి. మన పితరులకు ఇండ్లు ఊరి వెలుపల, బావి వేరు, శ్మశానము వేరు. మన యొద్దకు సువార్త తెచ్చిన సొసైటీని స్థాపించినవారిలో అనేకులు ఈ శ్మశానపు సంతతివారు, అనగా తమ దేశపు అధికార సంఘమునకు వెలుపల ఉన్నవారు. మిషనెరీలందరిని పాలకులతో కలిపి ఒకే గాటన కట్టేవారు ఈ భేదమును గమనించాలి. అయితే ఈ భేదమును చూపి వారు పరిపాలన నీడలో పనిచేయలేదని చెప్పుటయు సత్యము కాదు.

2. రెండు గ్రంథాలయములు

సొసైటీ ఉత్తరములు, వార్షిక నివేదికలు ఇప్పుడు రస్సెల్ స్క్వేరు దగ్గర ప్రాచ్య, ఆఫ్రికా విద్యల కళాశాల గ్రంథాలయములో ఉన్నాయి. అక్కడ కలము వాడనివ్వరు, పెన్సిలు మాత్రమే. కాగితమును రెండు చేతులతో త్రిప్పాలి. నూరేళ్ల నాటి సిరా నిన్న వ్రాసినట్లు కనిపించింది. మేము త్రిప్పిన కొద్ది పుటలలో మిషనెరీల పేర్లు, వారి జ్వరములు, వారి పిల్లల మరణములు వివరముగా ఉన్నాయి. వారితో నడచిన మనవారు మాత్రము చాలా చోట్ల 'స్థానిక ఉపదేశి' అన్న మాటగానే మిగిలిపోయారు.

దీనికి మినహాయింపులు ఉన్నాయి. విశాఖపట్టణములో సువార్తల అనువాదమునకు తోడ్పడిన ఆనందరాయరు పేరు చరిత్రలో నిలిచింది. క్రాన్ 1809లో, డి గ్రాంజెస్ 1810లో మరణించారు. వారి సువార్తలలో మూడు 1812లో సెరాంపూర్‌లో అచ్చయ్యాయి. మిషనెరీలు ఇద్దరూ ఆ పుస్తకమును చూడలేదు. తెలుగు నుడికారము ఎరిగిన ఆ ఒక్క సహాయకుడు లేనియెడల అది ఎట్లుండేదో విద్యార్థులు ఆలోచించాలి.

బ్రిటిష్ లైబ్రరీలో సీనాయి ప్రతిని చూచాము. నాలుగవ శతాబ్దపు ఈ గ్రీకు బైబిలులో అధిక భాగమును 1933లో లక్ష పౌండ్లకు సోవియట్ ప్రభుత్వము వద్ద కొన్నారు. మిగిలిన పత్రములు లైప్‌జిగ్‌లో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, సీనాయి ఆశ్రమములో ఉన్నాయి. నాలుగు స్థలముల వారు కలిసి 2009లో ఆ గ్రంథమంతటిని ఇంటర్నెట్టులో ఉంచారు. చెదరిన గ్రంథమును మరల ఒకచోట చేర్చుటకు ఇది ఒక మార్గము.

3. ధాత కరువు, మాన్షన్ హౌస్

బకింగ్‌హాం రాజభవనము ఎదుట విక్టోరియా రాణి పాలరాతి విగ్రహమున్నది. ఆమెను భారత చక్రవర్తినిగా ఢిల్లీ దర్బారులో ప్రకటించినది 1877 జనవరి 1న. ఆ దినమున మన సీమ ధాత కరువులో ఉన్నది. 1876 నుండి 1878 వరకు సాగిన ఈ కరువులో దక్షిణ, పశ్చిమ భారతములలో యాభై లక్షలకు పైగా ప్రజలు చనిపోయారని అంచనా. అప్పటికి అనంతపురము జిల్లా లేదు. 1882లో బళ్లారి జిల్లా నుండి వేరుచేశారు.

ఆ జనవరిలోనే సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలిని దినమునకు ఒక పౌను ధాన్యము, కొద్దిపాటి డబ్బు అని నిర్ణయించాడు. మద్రాసు ఆరోగ్య కమిషనరు డాక్టర్ కార్నిష్ ఈ కొలత పనిచేసే మనిషికి చాలదని వాదించాడు. ఇంత జరుగుచున్నను దేశము నుండి ధాన్యము ఎగుమతి ఆగలేదు.

లండనులో ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. మన జిల్లాలో 550 మిల్లీమీటర్ల చుట్టూ కురుస్తుంది. అంకెలలో భేదము స్వల్పమే. అక్కడ ప్రతి నెలా కొంత పడుతుంది, ఎండ తక్కువ. ఇక్కడ కొద్ది వారములలో పడినది పడి, శింగనమల చెరువు నిండకపోతే వేరుశెనగ చేలో ఎండుతుంది. అయినను వాన లేకపోవుట ఒక్కటే ప్రజలను చంపదు. ధర, కూలి, ప్రభుత్వ నిర్ణయము కూడా చంపుతాయి.

లండను మేయరు నివాసమైన మాన్షన్ హౌస్ ఎదుట మేము చాలా సేపు నిలిచాము. 1877 ఆగస్టులో మద్రాసు నుండి వచ్చిన విజ్ఞప్తి మీద ఇక్కడ కరువు సహాయ నిధి తెరిచారు. ఆ నగరములోని సామాన్యులు, సంఘములు చందాలు ఇచ్చాయి. ఆ సొమ్ము విత్తనములకు, ఎద్దులకు, కూలిన ఇండ్లకు, బట్టలకు ఖర్చు అయినది. పంచిన కమిటీలలో మిషనెరీలు కూడా ఉన్నారు. కూలి తగ్గించిన అధికారము, చందా ఇచ్చిన జాలి ఒకే రాజ్యము నుండి మన పల్లెలకు వచ్చాయి.

ఇక్కడ మనకు ఒక నింద ఎదురవుతుంది. మీ తాతలు గంజి కొరకే క్రైస్తవులైనారని మన యౌవనులు నేటికీ వింటున్నారు. దీనికి కోపముతో కాక చరిత్రతో జవాబివ్వాలి. ఒంగోలు ప్రాంతములో అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ జాన్ క్లవు బకింగ్‌హాం కాలువలో ఒక భాగము త్రవ్వకమును కాంట్రాక్టుకు తీసికొని కరువు బాధితులకు పని చూపించాడు. సహాయము సాగినంత కాలము బాప్తిస్మములు ఆపివేశాడు. సహాయము ముగిసిన తరువాత, 1878 జూలై 3న ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందారు. గంజి కొరకే వచ్చినవారైతే గంజి ఆగిన తరువాత రావలసిన పని లేదు. ఆకలిగొన్న మనిషి తనను మనిషిగా చూచినవాని దేవుని గూర్చి విచారించుట తప్పు కాదని కూడా మనము ధైర్యముగా చెప్పాలి.

4. అమరావతి రాళ్లు, బ్రౌను సమాధి

బ్రిటిష్ మ్యూజియములో అమరావతి స్తూపపు శిల్పములకు ప్రత్యేకమైన గది ఉంది. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన వాటిని 1859లో మద్రాసు నుండి ఓడలో పంపారు. 1880లో అవి ఈ మ్యూజియమునకు చేరాయి. కృష్ణా తీరపు శిల్పిచేసిన పని చూచి మాకు సంతోషము, దాని స్థానము ఇది కాదన్న బాధ, రెండూ కలిగాయి.

ఈ బాధకు కొంత ఊరట చార్లెస్ ఫిలిప్ బ్రౌను జీవితములో దొరుకుతుంది. ఆయన కలకత్తాలో దైవసేవకుడైన డేవిడ్ బ్రౌను కుమారుడు. 1820లో కడపకు వచ్చి, పండితులను పోషించి, 1829లో వేమన పద్యములను అచ్చువేయించాడు. సెలవు మీద లండను వెళ్లినప్పుడు ఇండియా హౌస్ గ్రంథాలయములో రెండువేలకు పైగా దక్షిణాది భాషల గ్రంథములను కనుగొని తిరిగి మద్రాసుకు పంపించాడు. 1884లో మరణించిన ఆయన సమాధి కెన్సల్ గ్రీన్ శ్మశానములో ఉంది. వేమన సమాధి కదిరి దగ్గర కటారుపల్లెలో ఉంది. మన సీమ నుండి ఏది పోయిందో లెక్కించేటప్పుడు, తిరిగి పంపినవానిని కూడా లెక్కలో వ్రాయుట న్యాయము.

ముగింపు

తిరిగి వచ్చిన తరువాత మేము మా ప్రాంతములోని ఒక పాత సంఘమునకు వెళ్లి బాప్తిస్మపు రిజిస్టరు చూపమని అడిగాము. బీరువా తీయగా అట్ట మాత్రమే చేతికి వచ్చింది. లోపల చెదలు. మొదటి కుటుంబముల పేర్లు అందులోనే ఉండేవని సంఘ పెద్ద చెప్పాడు. మిషనెరీ వ్రాసిన ఉత్తరము లండనులో భద్రముగా ఉన్నది, మన తాతల పేర్లు మన చేతులలోనే మట్టిలో కలిసిపోయాయి. ఈ నష్టమునకు పరదేశిని నిందించలేము.

కాబట్టి తోటి కాపరులకు, విద్యార్థులకు మా మనవి మూడు మాటలు. మొదటిది, మీ సంఘములోని ప్రతి పాత రిజిస్టరుకు ఈ సంవత్సరమే నకలు తీయించి రెండు చోట్ల ఉంచండి. రెండవది, ఎనభై ఏళ్లు దాటిన విశ్వాసుల సాక్ష్యమును వారి మాటలలోనే వ్రాసికొనండి. కరువులు, వలసలు, మొదటి ప్రార్థన జరిగిన చెట్టు, ఇవన్నీ వారికి తెలుసు. మూడవది, వేదాంత విద్యార్థులు తమ పరిశోధనకు ఒక్కొక్క పల్లెను తీసికొని, అక్కడి ఉపదేశుల, బైబిలు స్త్రీల పేర్లను వెలికితీయండి.

యొర్దాను దాటిన ఇశ్రాయేలీయులు పన్నెండు రాళ్లను నిలువబెట్టినది వాటిని గూర్చి పిల్లలు అడుగుతారనే (యెహోషువ 4). మన పిల్లలు కూడా అడుగుతారు. వారిని లండనుకు పంపవలసిన అవసరము లేకుండా, శింగనమలలోనే జవాబు దొరికేటట్లు చేయుట మన పని.