ఎర్రకాళ్ల కొంగ: చుట్టపు చూపు కాదు, మన పక్షే

మోకాలి లోతు చెరువు నీళ్లలో, పొడవాటి పసుపు ముక్కును సగం తెరిచి ముంచి, అటూ ఇటూ ఆడిస్తూ నడిచే పెద్ద కొంగను మీలో చాలామంది చూసే ఉంటారు. అదే ఎర్రకాళ్ల కొంగ. కన్నడంలో బణ్ణద కొక్కరె, ఇంగ్లీషులో పెయింటెడ్ స్టార్క్ అంటారు.

గుర్తులు: ఎత్తు సుమారు మూడడుగులు. రెక్కలు చాపితే అయిదడుగులు ఉంటుంది. ఒళ్లు తెలుపు, ఛాతీ మీద నలుపు తెలుపు పట్టీ, తోక దగ్గర గులాబీ రంగు ఈకలు. తల మీద ఈకలుండవు, నారింజ రంగు చర్మం కనిపిస్తుంది. ఆడ, మగ ఒకేలా ఉంటాయి, మగది కాస్త పెద్దది. పిల్లలకు ఈ రంగులుండవు, మాసిన గోధుమ రంగులో ఉంటాయి.

ఆహారం: ముఖ్యంగా చిన్న చేపలు. కంటితో వెతకదు. కాళ్లతో నీటిని కదిలిస్తుంది, తెరిచిన ముక్కుకు చేప తగలగానే టక్కున మూసేస్తుంది. అందుకే దీనికి లోతు తక్కువ నీళ్లే కావాలి.

గూళ్లు: ఇవి సైబీరియా నుంచి వస్తాయని మన ఊళ్లలో చెప్పుకుంటారు. అది నిజం కాదు. ఇది భారతదేశం, శ్రీలంక, ఆగ్నేయాసియా దేశాల్లో ఉండే పక్షి. నీళ్లు, మేత ఉన్నచోటు వెతుక్కుంటూ ఇక్కడిక్కడే తిరుగుతుంది. మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరులో, కర్ణాటక సరిహద్దు దగ్గరున్న మన వీరాపురంలో, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఊరి చెట్ల మీదే గుంపులుగా గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతుంది. కొక్కరె బెళ్లూరు రైతులు చెట్ల కింద పడిన రెట్టను పొలాలకు ఎరువుగా వాడతారు. గూళ్లున్న చింతచెట్ల కాయలు కోయకుండా వదిలేస్తారు. 2007లో ప్రభుత్వం ఆ ఊరిని కమ్యూనిటీ రిజర్వ్‌గా ప్రకటించింది.

సంరక్షణ స్థితి: అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2016 మదింపులో దీన్ని 'ముప్పుకు చేరువలో ఉన్నవి' అనే వర్గంలో పెట్టింది. అంటే రేపే అంతరించిపోతుందని కాదు, ఏమరుపాటు మాత్రం తగదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని వేటాడడం, గుడ్లు తీయడం నేరం. చెరువులు పూడిపోవడం, ఆక్రమణలు, మురుగు నీరు, పాత చెట్లు కొట్టేయడం... దీనికి అసలు ముప్పు ఇవే. చుట్టంగా వచ్చిన పక్షయితే తిరిగి వెళ్లడానికి దానికి వేరే ఊరుంటుంది. ఎర్రకాళ్ల కొంగకు మన చెరువూ, మన చెట్టూ పోతే ఇక పోయే చోటు లేదు.

పిల్లలూ, గూళ్ల దగ్గర టపాకాయలు కాల్చకండి, రాళ్లు విసరకండి. గూటి నుంచి పిల్ల కింద పడితే ఇంటికి తీసుకెళ్లి పెంచాలని చూడకండి. పెద్దవాళ్లకు చెప్పి అటవీశాఖకు కబురు పంపండి.