పరీక్షల చరిత్ర - 4: రంపె తెలిసినోళ్లు, రెగట్టా తెలిసినోళ్లు



జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నుంచి గ్రూప్స్, కానిస్టేబుల్ పరీక్షలు రాసే పిల్లలు అనాలజీ ప్రశ్న దగ్గర ఆగి "మాకు తెలివి లేదు సార్" అంటరు. తమ్ముడూ, చెల్లే, ఆ మాట మీది కాదు. అది అమెరికాలో పుట్టింది.

1917లో అక్కడి సైన్యం 'ఆర్మీ ఆల్ఫా' పరీక్షలో ఈ పదాల జతలు పెట్టింది. ఆ మార్కులు పట్టుకొని కార్ల్ బ్రిగమ్ 1923లో నల్లవాళ్లకు, కొత్త వలసజనానికి తెలివి తక్కువని పుస్తకం రాసిండు. 1926లో కాలేజీ ప్రవేశ పరీక్ష శాట్‌ను తయారుచేసిందీ ఆయనే. 1930లో తన వాదన నిలవదని తానే ఒప్పుకున్నడు. పరీక్ష మాత్రం ఆగలేదు. తర్వాతి కాలంలో శాట్‌లో ఒక ప్రశ్న వచ్చింది: పరుగెత్తేవాడికి మారథాన్, మరి తెడ్డు వేసేవాడికి? జవాబు 'రెగట్టా', అంటే పడవల పందెం. ఉన్నోళ్ల పిల్లలకు అది ఇంటి మాట. 2005లో శాట్ అనాలజీలను తీసేసింది.

మన పరీక్షల్లో ఇంకా ఉన్నయి. అందుకే పద్ధతి పట్టుకోండి. మొదటి జతను ఒక వాక్యంలో కట్టండి.

రంపె : తోలు :: కొడవలి : ?

"రంపెతో తోలు కోస్తరు." అదే వాక్యంలో కొడవలి పెడితే వరి వస్తది. ఆప్షన్లలో కమ్మరి, ఇనుము ఉంటయి. అవీ కొడవలికి చుట్టాలే, కానీ ఈ వాక్యంలో ఇమడవు.

మాదిగవాడ పిల్లకు ఇది క్షణం పని. రంపె చూడనోళ్లు ఆగుతరు. వాళ్లను మనం తెలివిలేనోళ్లు అంటమా? పదం తెలవకపోవడం వేరు, సంబంధం పట్టలేకపోవడం వేరు. సంబంధం పట్టడం మీకు వచ్చు. పదాలు రోజుకు పది రాసుకోండి.