చుట్ట (పొగాకు)

ఆరబెట్టి మగ్గబెట్టిన పొగాకును మరొక పొగాకు ఆకులో చుట్టి, ఒక కొన ముట్టించి రెండవ కొన నుండి పొగ పీల్చడానికి వీలుగా చేసినదే చుట్ట. సిగరెట్టుకు పైన కాగితం, బీడీకి తునికాకు ఉంటాయి. చుట్టకు మాత్రం లోపలా వెలుపలా పొగాకే. ఆంధ్ర దేశంలో చుట్టలకు ఎక్కువగా వాడేది గోదావరి లంకలలో పండే లంక పొగాకు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు పరిసర గ్రామాలలో ఒకప్పుడు పెద్ద వయసు రైతులు, కూలీలు, దోనెలు నడిపేవారు చుట్ట కాల్చడం సర్వసాధారణంగా కనిపించేది. సిగరెట్టు వ్యాప్తితో ఈ అలవాటు చాలా వరకు తగ్గింది. ఈ వ్యాసంలో చుట్ట చరిత్ర, తయారీ, ఎంపిక, కాల్చే పద్ధతితో పాటు, చుట్ట పొగ మింగరు కాబట్టి హాని లేదన్న నమ్మకంలోని తప్పు కూడా వివరించబడింది.

పేరు

"చుట్టు" అనే క్రియ నుండి "చుట్ట" అనే నామం వచ్చింది. తమిళంలో దీనిని "సురుట్టు" అంటారు. ఇంగ్లీషులోని "చెరూట్" అనే మాట ఈ దక్షిణాది మాట నుండి పుట్టినదే. "సిగార్" అనే మాట స్పానిష్ భాష నుండి వచ్చింది. పత్తి చుట్ట, తాటాకు చుట్ట, తలకు పెట్టుకొనే చుట్ట వంటి ప్రయోగాలలో "చుట్ట" అన్న మాటకు వేరే అర్థాలున్నాయి. అందువలన పొగాకు చుట్టను "పొగచుట్ట" అని కూడా వ్యవహరిస్తారు.

చరిత్ర

పొగాకు అమెరికా ఖండాలకు చెందిన మొక్క. వంకాయ, మిరప, టమాటోల కుటుంబానికి చెందినది. దీనిని భారతదేశానికి తెచ్చినవారు పోర్చుగీసు వర్తకులు. దక్కనులోని బీజాపూరు నుండి 17వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో పొగాకు అక్బరు ఆస్థానానికి చేరింది. 1617లో జహంగీరు పొగ త్రాగడాన్ని నిషేధించాడు, కాని ఆ నిషేధం నిలవలేదు. ఆ శతాబ్దంలోనే గోల్కొండ రాజ్యపు కోస్తా ప్రాంతంలో పొగాకు సాగు స్థిరపడింది. మచిలీపట్నం రేవు నుండి ఎగుమతి కూడా జరిగింది.

బ్రిటిషు వారి కాలంలో మద్రాసు రాజధానిలో రెండు రకాల చుట్టలు పేరుపొందాయి. ఒకటి తిరుచిరాపల్లి చుట్ట, రెండవది గోదావరి లంకల చుట్ట. రెండవ దానిని ఆంగ్లేయులు "లంకా" అనే పేరుతోనే పిలిచారు. ఆర్థర్ కోనన్ డాయల్ రచించిన "ది సైన్ ఆఫ్ ఫోర్" (1890) నవలలో షెర్లాక్ హోమ్స్ పొగాకు బూడిదలను బట్టి రకాలను గుర్తించే విద్య గురించి చెబుతూ ఈ భారతీయ లంకా చుట్టను ఉదాహరణగా పేర్కొంటాడు. గోదావరి మధ్యనున్న ఇసుక దిబ్బల మీద పండిన ఆకు పేరు లండన్ పాఠకులకు ఆ విధంగా చేరింది.

లంక పొగాకు

నది పాయల మధ్య మేటలు వేసి ఏర్పడిన భూమిని లంక అంటారు. వర్షాకాలంలో గోదావరి వరద వీటిని ముంచి, తగ్గిన తరువాత కొత్త ఒండ్రును వదిలిపెడుతుంది. వరదలు తీసిన తరువాత నారు నాటి, వేసవి ముదరక ముందే ఆకు కోస్తారు. రాజమహేంద్రవరం, కొవ్వూరు ప్రాంతపు లంకలు ఈ సాగుకు ప్రసిద్ధి. రాజమహేంద్రవరంలో 1947లో ఏర్పాటైన కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ ఈ రకం మీద కూడా పరిశోధనలు జరిపింది.

ఈ విషయంలో రెండు పొరపాట్లు తరచుగా జరుగుతుంటాయి.

1. కొల్లేటి లంకలు వేరు, గోదావరి లంకలు వేరు. గుడివాకలంక, కోమటిలంక వంటివి కొల్లేరు సరస్సులోని మెరక మీద వెలసిన గ్రామాలు. ఇవి చేపలకు, వరికి పేరు. చుట్ట పొగాకుకు పేరు తెచ్చినవి గోదావరి లంకలు మాత్రమే.

2. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, గోపాలపురం, దేవరపల్లి వేలం కేంద్రాలలో అమ్మేది వర్జీనియా పొగాకు. మెట్ట ప్రాంతపు తేలిక నేలలలో పండే ఈ ఆకును బ్యారన్లలో గొట్టాల వేడితో పసుపు రంగు వచ్చే వరకు ఆరబెడతారు. ఇది ముఖ్యంగా సిగరెట్ల కొరకు. చుట్ట ఆకును బ్యారన్‌లో ఆరబెట్టరు.

తయారీ

కోసిన ఆకును తోరణాలుగా కట్టి గాలికి, ఎండకు ఆరబెడతారు. ఆరిన ఆకును కుప్పగా పేర్చి మండె కడతారు. మండె లోపల వేడి పుట్టి ఆకు మగ్గుతుంది. మండెను మధ్య మధ్య విప్పి, లోపలి ఆకు పైకి, పైఆకు లోపలికి వచ్చేటట్లు తిరిగి పేరుస్తారు. ఈ దశలో ఆకు ముదురు గోధుమ రంగుకు మారి, పచ్చి వాసన పోయి, ఘాటు వాసన వస్తుంది.

చుట్ట చుట్టడానికి ముందు ఆకు మీద నీళ్ళు చల్లి మెత్తబరచి, నడిమి ఈనె తీసివేస్తారు. చిన్న ముక్కలను లోపల పొడవుగా అమర్చి, చిరుగు లేని వెడల్పాటి ఆకును పైన ఏటవాలుగా చుట్టుకుంటూ వస్తారు. గ్రామాలలో చాలామంది ఆకు కొని తెచ్చుకొని తామే చుట్టుకొనేవారు. దుకాణాలలో చుట్టలను కట్టలుగా అమ్ముతారు.

తడి ఆకును చేతులతో తాకే కూలీలకు చర్మం ద్వారా నికోటిన్ ఒంట్లోకి చేరి తలనొప్పి, వాంతులు, తలతిరుగుడు కలుగుతాయి. దీనిని పచ్చి పొగాకు వ్యాధి అంటారు. అంటే పొగాకు కాల్చని వారికి కూడా దాని వలన హాని కలుగుతుంది.

చుట్ట, సిగారు – తేడాలు

విదేశీ సిగారుకు నోట పెట్టుకొనే కొన మూసి ఉంటుంది. దానిని కత్తెర వంటి పనిముట్టుతో కోసిన తరువాతనే కాల్చడం వీలవుతుంది. సాధారణ చుట్టకు రెండు కొనలూ తెరచి ఉంటాయి, కోయవలసిన అవసరం లేదు. సిగారులో లోపలి ఆకు, దానిని బిగించే ఆకు, పైఆకు అని మూడు పొరలుంటాయి. సిగారును 65 నుండి 70 శాతం తేమ ఉండే పెట్టెలలో నిలువ చేస్తారు. మన చుట్టను రొండిన దోపుకొనో, డబ్బాలో వేసుకొనో దాచుకొనేవారు. కొల్లేరు వంటి తేమ ప్రదేశాలలో వానాకాలంలో చుట్టకు బూజు పడుతుంది.

ఎంపిక

చుట్ట కొనేవారు సాధారణంగా గమనించే విషయాలు ఇవి.

* పైఆకుకు చిరుగులు, పురుగు తిన్న రంధ్రాలు, బూజు ఉండరాదు. చిరుగు ఉంటే అక్కడి నుండి గాలి చొరబడి పొగ సరిగా రాదు.
* వేళ్ళతో మెల్లగా నొక్కి చూస్తారు. మరీ గట్టిగా ఉంటే పొగ లాగడం కష్టం. మరీ వదులుగా ఉంటే త్వరగా కాలి నోటికి వేడి తగులుతుంది.
* ముక్కు మండించే అమోనియా వాసన, పచ్చిగడ్డి వాసన ఉంటే ఆకు సరిగా మగ్గలేదని భావిస్తారు.
* నుసి రాలక కొంతసేపు నిలిచి ఉండడాన్ని మంచి ఆకు లక్షణంగా చెబుతారు.

ఇవన్నీ రుచికి, కాలే తీరుకు సంబంధించిన గుర్తులు మాత్రమే. మంచి ఆకు అయినంత మాత్రాన చుట్ట హానిలేనిది కాదు. విడిగా కొన్న చుట్ట మీద హెచ్చరిక బొమ్మ కనబడదు. బొమ్మ లేదు కాబట్టి ప్రమాదం లేదని అనుకోరాదు.

కాల్చే పద్ధతి

నిప్పును చుట్ట కొనకు కొద్ది దూరంలో పట్టి, చుట్టను త్రిప్పుతూ అంచు అంతా సమంగా అంటుకొనేటట్లు చేస్తారు. తరువాత నిమిషానికి ఒకటి రెండు సార్లు నెమ్మదిగా పొగ లాగి, ఊపిరితిత్తులలోకి పోనీయకుండా నోటితోనే వదులుతారు. త్వరత్వరగా లాగితే చుట్ట వేడెక్కి పొగ చేదు అవుతుంది. మధ్యలో ఆరిన చుట్టను తిరిగి ముట్టించడం గ్రామాలలో మామూలే.

మొదటిసారి కాల్చినవారికి, ముఖ్యంగా ఖాళీ కడుపుతో కాల్చినవారికి, చెమటలు, తలతిరుగుడు, వికారం, వాంతి కలుగుతాయి. "అలవాటు లేక" అని దీనిని తేలికగా తీసివేస్తారు. నిజానికి ఇవి నికోటిన్ విష లక్షణాలు. కొద్ది రోజులలో ఇవి తగ్గిపోవడానికి కారణం శరీరం నికోటిన్‌కు అలవాటు పడడం. ఆ తరువాత అది లేకపోతే చిరాకు, అశాంతి మొదలవుతాయి.

"పొగ మింగం కదా" అన్న నమ్మకం

సిగరెట్టు పొగ ఊపిరితిత్తులలోకి పోతుంది కాబట్టి అది చెడ్డదని, చుట్ట పొగ నోటిలోనే ఉంటుంది కాబట్టి హాని లేదని చాలామంది నమ్ముతారు. ఈ తేడా ఎందుకు వచ్చిందో తెలిస్తే పొరపాటు ఎక్కడున్నదో కూడా తెలుస్తుంది.

బ్యారన్‌లో ఆరబెట్టిన వర్జీనియా ఆకులో చక్కెరలు ఎక్కువ. దాని పొగకు ఆమ్ల గుణం ఉంటుంది. అటువంటి పొగలోని నికోటిన్ నోటి చర్మం గుండా బాగా ఇంకదు. అందువలన సిగరెట్టు త్రాగేవారు పొగను లోనికి పీల్చుకుంటారు. గాలికి ఆరి మండెలో మగ్గిన చుట్ట ఆకు పొగకు క్షార గుణం ఉంటుంది. ఆ పొగలోని నికోటిన్ నోటి లోపలి పొర గుండానే రక్తంలో కలుస్తుంది. అంటే చుట్ట కాల్చేవారు పొగ మింగకపోవడానికి కారణం మింగవలసిన అవసరం లేకపోవడమే. విషం ఒంటికి చేరుతూనే ఉంటుంది.

క్యాన్సర్ కారకాలు కూడా నోటిలో, గొంతులో నిలుస్తాయి. సిగారు, చుట్టల వలన నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహికల క్యాన్సర్లు వస్తాయి. ఎక్కువగా కాల్చేవారికి, పొగ మింగేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్, గుండెజబ్బుల ముప్పు కూడా ఎక్కువ. ఒక పెద్ద సిగారులో ఒక పెట్టెడు సిగరెట్లలో ఉన్నంత పొగాకు ఉండవచ్చు. "రోజుకు ఒక్కటే" అన్న లెక్క ఇక్కడ పొరపాటు. చుట్ట చాలాసేపు కాలుతుంది కాబట్టి అదే గదిలో ఉన్న పిల్లలు కూడా అంతసేపూ ఆ పొగనే పీలుస్తారు.

చుట్ట చలిని తగ్గిస్తుందని మరొక నమ్మకం. నికోటిన్ చర్మంలోని రక్తనాళాలను ముడుచుకొనేటట్లు చేసి చేతుల, కాళ్ళ వేడిని తగ్గిస్తుంది.

అడ్డపొగ

నిప్పు ఉన్న కొనను నోటి లోపల ఉంచుకొని కాల్చడాన్ని అడ్డపొగ లేదా అడ్డచుట్ట అంటారు. ఇది ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల తీరగ్రామాలలో, పురుషులలో కంటే స్త్రీలలో ఎక్కువగా కనబడిన అలవాటు. గాలికి నిప్పు ఆరదని, పని చేసుకుంటూ కాల్చవచ్చని, నుసి రాలదని దీనికి కారణాలు చెబుతారు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి 1971లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 40 శాతానికి పైగా ప్రజలకు ఈ అలవాటు ఉన్నట్లు తేలింది. వేడి, పొగ నేరుగా అంగిలికి తగలడం వలన అక్కడ తెల్లని మచ్చలు, పుండ్లు ఏర్పడతాయి. మిగతా ప్రపంచంలో అరుదైన అంగిలి క్యాన్సర్ ఈ ప్రాంతంలో ఎక్కువగా కనబడడానికి కారణం ఇదే.

సాహిత్యంలో, సామెతలలో

గురజాడ అప్పారావు "కన్యాశుల్కము" (మొదటి ముద్రణ 1897) నాటకంలోని గిరీశం తెలుగు సాహిత్యంలో అందరికీ గుర్తుండే చుట్ట ప్రియుడు. శిష్యుడైన వెంకటేశానికి పొగ త్రాగడంలోని గొప్పతనాన్ని బోధిస్తాడు. పొగాకు పుట్టుకను అమృతంతో ముడిపెట్టే చాటుపద్యం కూడా ఆ నాటకం ద్వారా బాగా ప్రచారంలోకి వచ్చింది. చదువు చెప్పవలసిన గురువు నేర్పినది చుట్ట కాల్చడం అన్నది ఆ సన్నివేశంలోని హాస్యం. దానిని చుట్టకు సిఫారసుగా చదువుకోరాదు.

"ఒకడు కొంప కాలి ఏడుస్తుంటే మరొకడు చుట్టకు నిప్పు అడిగాడట" అన్న సామెత ఇతరుల కష్టం పట్టనివారిని గురించి చెప్పినది. ఆర్పకుండా పారవేసిన చుట్ట పీక పూరిళ్ళకు, గడ్డివాములకు నిప్పు అంటించే ప్రమాదం కూడా ఉన్నది.

చట్టం

2003లో చేసిన సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం చుట్టలకు, సిగార్లకు కూడా వర్తిస్తుంది.

* బస్టాండు, రైల్వే స్టేషను, ఆసుపత్రి, కార్యాలయం వంటి బహిరంగ స్థలాలలో కాల్చడం నేరం. 2008 అక్టోబరు 2 నుండి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం 200 రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.
* 18 సంవత్సరాల లోపు వారికి అమ్మరాదు. వారిచేత అమ్మించరాదు.
* విద్యాసంస్థలకు 100 గజాల లోపు పొగాకు ఉత్పత్తులు అమ్మరాదు.
* పెట్టెల మీద బొమ్మల హెచ్చరికలు 2009 మే 31 నుండి తప్పనిసరి అయ్యాయి. 2016 ఏప్రిల్ 1 నుండి ఇవి పెట్టెపై 85 శాతం స్థలంలో ఉండాలి.

మానడం

చుట్ట మానిన 5 నుండి 10 సంవత్సరాలలో నోటి, గొంతు క్యాన్సర్ల ముప్పు సుమారు సగానికి తగ్గుతుంది. ఎన్ని సంవత్సరాలు కాల్చినవారికైనా మానడం వలన ప్రయోజనం ఉంటుంది. నోటిలో రెండు మూడు వారాలకు మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ, మింగడంలో నొప్పి, గొంతు బొంగురు ఉన్నవారు ఆలస్యం చేయక వైద్యునికి చూపించుకోవాలి. మానదలచినవారికి కేంద్ర ప్రభుత్వం 1800-11-2356 నంబరులో ఉచితంగా సలహాలు ఇస్తుంది. ప్రతి సంవత్సరం మే 31ని ప్రపంచ పొగాకు వ్యతిరేక దినంగా పాటిస్తారు.

ఇవి కూడా చూడండి

* పొగాకు
* బీడీ
* గోదావరి నది
* కొల్లేరు సరస్సు
* కన్యాశుల్కము